నీట మునిగిన వరిలో సబ్1ఏ జన్యువు ఎప్పుడు మేలుకుంటుంది, ఎలా మేలుకుంటుంది

సార్వా నాట్లు పడి చేను పిలక వేసే వేళకు గోదావరి డెల్టాలో పెద్ద వాన పట్టుకుంటుంది. మురుగు కాలువలు ఎగదన్నితే చేలకు చేలే నీటి కింద కనపడకుండా పోతాయి. నాలుగైదు రోజుల్లో నీరు లాగేస్తే పైరు ఎలాగో తేరుకుంటుంది. వారం దాటిందంటే మామూలు స్వర్ణ చాలావరకు కుళ్లిపోతుంది. అదే నీటిలో స్వర్ణ సబ్1 ఉంటే పది పన్నెండు రోజులు మునిగి ఉన్నా, పరిస్థితులు బాగుంటే రెండు వారాలున్నా, నీరు తీశాక మొదళ్లలోంచి మళ్లీ చిగురు తొడుగుతుంది. ఈ రెండు రకాలకూ తేడా తొమ్మిదో క్రోమోజోములో ఒక చిన్న ముక్క. ఆ ముక్కలో అసలు పని చేసేది సబ్1ఏ అనే ఒక్క జన్యువు.

దీన్ని "ముంపును ఎదిరించే జన్యువు" అని రాస్తుంటారు. ఆ మాట తప్పుదారి పట్టిస్తుందని నా అభిప్రాయం. సబ్1ఏ నీటితో పోరాడదు. మొక్కను పెరగకుండా ఆపి, ఉన్న పిండి పదార్థాన్ని దాచి, ఊపిరి బిగబట్టి కూర్చోబెడుతుంది. అందుకే అది సరైన వేళకు మేలుకోవాలి, నీరు తీయగానే పడుకోవాలి. ఎప్పుడూ మెలకువగా ఉంటే ఆ మొక్క ఎదగదు, దిగుబడి ఇవ్వదు. మొక్కల్లో ఒత్తిడిని తట్టుకునే జన్యువులన్నిటికీ ఉన్న చిక్కే ఇది. దాన్ని అర్థం చేసుకోవడానికి వరి ముంపు కంటే మంచి ఉదాహరణ నాకు తెలిసి లేదు.

గాలిలో కంటే నీటిలో వాయువులు దాదాపు పదివేల రెట్లు నెమ్మదిగా కదులుతాయి. మునిగిన వరి కష్టాలన్నీ ఇక్కడే మొదలు. బయటి ఆక్సిజన్, కార్బన్ డయాక్సైడ్ ఆకు లోపలికి సరిగా చేరవు. నీరు బురదగా ఉంటే వెలుతురూ అందదు, అంటే పగలు కూడా తిండి తయారు కాదు. ఆక్సిజన్ ఉన్నప్పుడు ఒక గ్లూకోజు అణువు నుంచి ముప్పై దాకా ఏటీపీలు, అంటే కణం శక్తి కోసం ఖర్చుపెట్టే అణువులు, వస్తాయి. ఆక్సిజన్ లేకుండా పులియబెట్టి బతకాల్సి వస్తే వచ్చేవి రెండే. కాబట్టి అదే పనికి మొక్క పది పదిహేను రెట్లు చక్కెర ఖర్చు పెట్టాలి, లేదా ఆ పనే మానేయాలి.

మామూలు స్వర్ణ మొదటి దారి పడుతుంది. మునగగానే ఆకులను, తొడుగులను సాగదీసి కొస నీటి పైకి తేవాలని చూస్తుంది. నీరు మోకాలి లోతే ఉంటే ఈ ఎత్తు పారుతుంది. అంతకు మించి లోతుంటే ఉన్న పిండి అంతా సాగడానికే అయిపోతుంది, కొస మాత్రం పైకి రాదు. ఈలోగా నీరు తీస్తే సన్నగా, పొడుగ్గా సాగిన మొక్క నిలబడలేక చేలో పరుచుకుని పడిపోతుంది. చచ్చిన చేలల్లో చాలా వాటికి కారణం నీరు ఒక్కటే కాదు, ఆకలి కూడా.

బ్రేకు తీయడమే స్విచ్ వేయడం

మునిగానన్న సంగతి మొక్కకు ఎలా తెలుస్తుంది? మొదటి కబురు ఇథిలీన్ తెస్తుంది. పండ్లను మాగబెట్టే వాయువు ఇదే. వరి ఎప్పుడూ కొద్దికొద్దిగా ఇథిలీన్ తయారుచేస్తూనే ఉంటుంది, అది గాలిలోకి పోతూనే ఉంటుంది. మునిగిన మరుక్షణం బయటికి దారి మూసుకుపోతుంది, లోపలే పోగుపడుతుంది. ఆక్సిజన్ ఇంకా పూర్తిగా తగ్గకముందే ఇథిలీన్ పెరుగుతుంది కాబట్టి మొక్కకు ఇది ముందస్తు హెచ్చరిక.

కణంలో ఈ కబురు నడిచే తీరు గమనించదగ్గది. ఇథిలీన్‌ను పట్టుకునే గ్రాహకాలు కణం లోపలి పొర మీద ఉంటాయి. ఇథిలీన్ లేనంతసేపూ అవి సీటీఆర్1 అనే ఎంజైమును పనిలో పెట్టి, ఈఐఎన్2 అనే ప్రోటీన్‌ను కట్టి ఉంచుతాయి. ఇథిలీన్ వచ్చి గ్రాహకానికి అంటుకుంటే సీటీఆర్1 పని ఆగుతుంది, ఈఐఎన్2 కట్టు వీడుతుంది. దాని తోక ముక్క తెగి కేంద్రకంలోకి పోతుంది. అక్కడ ఎప్పటికప్పుడు ముక్కలైపోతున్న ఈఐఎన్3 వంటి ప్రోటీన్లు ఇక నిలబడతాయి, జన్యువులను మేల్కొలుపుతాయి. వాటి వెంట మేలుకునే వాటిలో సబ్1ఏ ఒకటి. అంటే కొత్తగా ఎవరో వచ్చి స్విచ్ నొక్కడం లేదు. రాత్రింబవళ్లు నొక్కి పట్టిన బ్రేకు మీంచి కాలు తీస్తున్నారు, అంతే.

కరువులోనూ ఇదే వరస. మొక్క ఎండుతుంటే అబ్సిసిక్ ఆమ్లం అనే హార్మోను పెరుగుతుంది. పీపీ2సీ అనే ఎంజైములు మామూలు రోజుల్లో స్నార్క్2 కైనేజులను అణిచి ఉంచుతాయి. అబ్సిసిక్ ఆమ్లాన్ని పట్టుకున్న గ్రాహకాలు పీపీ2సీలను పక్కకు తప్పిస్తాయి. విడుదలైన కైనేజులు ఏబీఎఫ్ ప్రోటీన్లకు ఫాస్ఫేటు తగిలిస్తాయి, అవి జన్యువుల ముందుండే ప్రమోటర్ భాగంలో ఏసీజీటీజీ అనే డీఎన్ఏ అక్షరాలున్న చోట కూర్చుని ఆ జన్యువులను లేపుతాయి. ఈ గ్రాహకాలు తేలింది 2009లో. మొక్క బ్రేకు తీసే పద్ధతినే ఎందుకు ఎంచుకుంటుందంటే, సరుకంతా ముందే సిద్ధంగా ఉంటుంది కాబట్టి నిమిషాల్లో పని మొదలవుతుంది. కొత్త ప్రోటీన్ తయారుచేసి స్విచ్ వేయాలంటే గంటలు పడుతుంది.

సబ్1ఏ చేసే పని

సబ్1ఏ తానే ఒక ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్, అంటే డీఎన్ఏ మీద కూర్చుని ఇతర జన్యువులను లేపే, అణిచే ప్రోటీన్. ఇథిలీన్‌కు స్పందించే ఈఆర్ఎఫ్ ప్రోటీన్ల కుటుంబంలో ఏడో గుంపుకు చెందింది. వరి కాడ సాగడానికి జిబ్బరెల్లిన్ హార్మోను కావాలి. ఆ హార్మోనుకు ఎస్ఎల్ఆర్1, ఎస్ఎల్ఆర్ఎల్1 అనే రెండు బ్రేకులున్నాయి. జిబ్బరెల్లిన్ ఎస్ఎల్ఆర్1ను కరిగించినప్పుడే కాడ సాగుతుంది. సబ్1ఏ ఈ రెండింటినీ పెంచుతుంది. అలా జిబ్బరెల్లిన్ ఉన్నా దాని మాట చెల్లదు. తకేషి ఫుకావో, జూలియా బెయిలీ-సెర్రెస్ 2008లో దీన్ని చూపించారు. ఇది గాక సబ్1ఏ ఇథిలీన్ తయారీనే తగ్గిస్తుంది, కణ గోడలను సాగదీసే ఎక్స్‌పాన్సిన్ జన్యువులను అణిచి ఉంచుతుంది, పిండిని చక్కెరగా విడగొట్టే ఎంజైములను నెమ్మదింపజేస్తుంది. పులియబెట్టే దారిలోని ఏడీహెచ్, పీడీసీ ఎంజైములను మాత్రం పెంచుతుంది. ఖర్చు తగ్గించి, ఆక్సిజన్ లేకుండా వచ్చే ఆ కాస్త రాబడిని నిలబెట్టుకోవడం అన్నమాట.

ఇదే గుంపులోని ఇతర ప్రోటీన్లకు ఇంకో అందమైన కిటుకు ఉంది. వాటి మొదటి రెండు అమైనో ఆమ్లాలు మెథియోనిన్, సిస్టీన్. గాలి బాగా ఆడేటప్పుడు మెథియోనిన్ ఊడిపోయి, బయటపడిన సిస్టీన్‌ను ఆక్సిజన్ వాడుకునే ఎంజైములు ఆక్సీకరిస్తాయి. దానికి ఆర్జినైన్ తగిలితే కణంలోని చెత్త యంత్రం, అంటే ప్రోటియసోమ్, ఆ ప్రోటీన్‌ను నమిలేస్తుంది. ఆక్సిజన్ తగ్గితే ఈ గుర్తు పడదు, ప్రోటీన్ బతికిపోతుంది, ముంపు జన్యువులు మేలుకుంటాయి. మొక్కలు ఆక్సిజన్‌ను కొలిచే పద్ధతి ఇదేనని 2011లో రెండు బృందాలు ఒకేసారి ప్రకటించాయి. సబ్1ఏ కూడా మెథియోనిన్, సిస్టీన్‌తోనే మొదలవుతుంది గానీ ఈ గుర్తింపుకు దొరకదు. తన తోక భాగంతో తలను కప్పుకుంటుంది. ఆక్సిజన్ ఇంకా ఉన్నప్పుడే, కేవలం ఇథిలీన్ మాట మీద పని మొదలుపెట్టగలగడం దానికి ఇలా సాధ్యమైంది. తర్వాత అది ఈఆర్ఎఫ్66, ఈఆర్ఎఫ్67లను లేపుతుంది. ఆ రెండూ మాత్రం ఆక్సిజన్ మీద ఆధారపడే రకమే. ముందు ఒకరు ఇథిలీన్‌తో, తర్వాత ఇద్దరు ఆక్సిజన్ కొరతతో, ఇలా రెండు అంచెల్లో సంగతి నిర్ధారణ అవుతుంది.

ఇదే ఇథిలీన్, ఇదే ఈఆర్ఎఫ్ ఏడో గుంపు, లోతు నీటి వరిలో పూర్తిగా ఎదురు పని చేయిస్తాయి. అక్కడ స్నార్కెల్1, స్నార్కెల్2 అనే జన్యువులు మేలుకుని జిబ్బరెల్లిన్ పనిని పెంచుతాయి. కాడ రోజుకు 20–25 సెంటీమీటర్లు కూడా సాగుతుంది. జపాన్ శాస్త్రవేత్తలు 2009లో ఈ సంగతి వెల్లడించారు. నెలల తరబడి నీరు నిలిచే చోట పారిపోవడమే తెలివి. రెండు వారాల్లో నీరు తీసే చోట కదలకుండా ఉండడమే తెలివి. కబురు ఒకటే, దాన్ని వినే ప్రోటీన్ వేరు. ఈ పోలిక తెలిశాక "ఒత్తిడి జన్యువు" అన్న మాటను నేను జాగ్రత్తగా వాడుతున్నాను.

అన్ని వరి రకాల్లోనూ సబ్1ఏ ఉండదు. పక్కనే ఉండే సబ్1బీ, సబ్1సీ అన్నిటిలో ఉంటాయి. వరిలో ఇండికా, జపోనికా అని రెండు పెద్ద తెగలు. జపోనికా రకాల్లో సబ్1ఏ అసలే లేదు. ఇండికాలో కొన్నిటిలో ఉన్నా, మునకకు ఆగని రూపం ఉంటుంది. మునకకు ఆగే రూపంలో ప్రోటీన్ 186వ స్థానంలో సెరీన్ అనే అమైనో ఆమ్లం, ఆగని దానిలో ప్రోలీన్. అయితే ఆ ఒక్క అక్షరంతోనే తేడా అంతా వచ్చిందనుకోకూడదు. మునిగినప్పుడు ఆ జన్యువు ఎంత గట్టిగా మేలుకుంటుందన్నదీ ముఖ్యం, ఆగే రూపం బాగా ఎక్కువగా మేలుకుంటుంది.

ఒడిశా నుంచి మనీలా మీదుగా

ఈ జన్యువు ఒడిశా నాటు వరి నుంచి ఎంచిన ఎఫ్ఆర్ 13ఏ అనే రకంలోది. ఎఫ్ఆర్ అంటే ఫ్లడ్ రెసిస్టెంట్. అది మునకకు ఆగేది గానీ దిగుబడి తక్కువ. దాన్ని నేరుగా మంచి రకాలతో కలిపి ఏళ్లపాటు ప్రయత్నించినా, మునకకు ఆగే గుణంతోపాటు పనికిరాని గుణాలూ వచ్చేవి. 1996లో శాస్త్రవేత్తలు కెనాంగ్ షు, డేవిడ్ మాకిల్ ఆ గుణం తొమ్మిదో క్రోమోజోము మీద ఎక్కడుందో గుర్తించారు. మునకకు ఆగడంలో రకాల మధ్య తేడాలో సుమారు 70 శాతం ఆ ఒక్క చోటు నుంచే వస్తోందని తేలింది. 2006లో పమేలా రోనాల్డ్ బృందంతో కలిసి సబ్1ఏను బయటపెట్టారు.

దాన్ని చేర్చడానికి ఎంచుకున్నది స్వర్ణ, అంటే ఎంటీయూ 7029. పశ్చిమ గోదావరి మార్టేరు పరిశోధన కేంద్రం ఇచ్చిన రకం. డెల్టా దాటి ఒడిశా, బెంగాల్, బీహార్ దాకా లక్షల ఎకరాల్లో పాకింది. అంతటి చోట మునిగిపోతోంది కాబట్టే దాన్ని ఎంచుకున్నారు. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థలో, ఎఫ్ఆర్ 13ఏ సంతతి అయిన ఐఆర్ 49830-7ను దాతగా పెట్టి, వచ్చిన మొక్కలను మళ్లీ మళ్లీ స్వర్ణతోనే కలిపారు. ప్రతి తరంలో మూడు వడపోతలు. సబ్1 ముక్క ఉన్న మొక్కలను ఎంచడం మొదటిది. ఆ ముక్కకు అటూ ఇటూ దగ్గర్లోనే స్వర్ణ డీఎన్ఏ వచ్చి చేరిన మొక్కలను ఎంచడం రెండోది. మిగిలిన క్రోమోజోములన్నీ ఎక్కువభాగం స్వర్ణవే ఉన్న మొక్కలను ఎంచడం మూడోది. రెండో వడపోత చేయకపోతే దాత ముక్క పెద్దదిగా ఉండిపోయి, దానికి అంటుకుని పనికిరాని గుణాలు వస్తాయి. నాటు రకాల నుంచి గుణం తెచ్చే చోట చాలామంది తప్పేది ఇక్కడే. ఇందులో బయటి జన్యువును చొప్పించే పని ఏదీ లేదు, కాబట్టి ఇది జన్యుమార్పిడి పంట కాదు.

అయినా ఒక గుర్తు మిగిలింది. గింజ పొట్టు రంగును అణిచే జన్యువు సబ్1కు అంటిపెట్టుకునే వస్తుంది. అందుకే స్వర్ణ గింజ బంగారు రంగు, స్వర్ణ సబ్1 గింజ గడ్డి రంగు. కొన్న విత్తనం నిజమైనదా, కల్తీ కలిసిందా అని ఒక చారెడు గింజలు చేతిలో పోసుకుని చూస్తే చాలావరకు తెలిసిపోతుంది. గడ్డి రంగు ఉన్నదల్లా సబ్1 అని కాదు, గడ్డి రంగు ధాన్యాలు వేరేవీ ఎన్నో ఉన్నాయి. కానీ సబ్1 సంచిలో బంగారు రంగు గింజలు కనిపిస్తే అందులో స్వర్ణ కలిసిందన్నమాట. స్వర్ణ సబ్1 మన దేశంలో 2009లో విడుదలైంది. ఒడిశాలో చేసి 2013లో ప్రచురించిన ఒక అధ్యయనం ప్రకారం చేను పది రోజులు మునిగినప్పుడు అక్కడ వాడుకలో ఉన్న రకం కంటే దిగుబడి దాదాపు 45 శాతం ఎక్కువ, ముంపు లేకపోతే తరుగు లేదు.

ముంపు లేనప్పుడు తరుగు లేకపోవడానికి కారణం, మునిగినప్పుడే జన్యువును లేపే ఆ స్విచ్. మెక్సికోలో గోధుమకు గానీ, ఇక్కడ వేరుశెనగకు గానీ కరువు జన్యువులు చేర్చిన వారికి ఇది బాగా తెలుసు. డ్రెబ్1ఏ అనే జన్యువును ఎప్పుడూ పనిచేసే 35ఎస్ ప్రమోటర్ కింద పెడితే, ప్రయోగశాలల్లో వాడే అరబిడాప్సిస్ అనే చిన్న మొక్కలు కరువుకు ఆగాయి గానీ పొట్టిగా కుంచించుకుపోయాయి. అదే జన్యువును ఎండినప్పుడు, చలి పడినప్పుడు మాత్రమే మేలుకునే ఆర్‌డీ29ఏ ప్రమోటర్ కింద పెడితే మామూలుగా పెరిగి, అవసరానికి ఆగాయి. 1999 నాటి మాట అది. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ వేరుశెనగలో డ్రెబ్1ఏ పెట్టినప్పుడు కూడా ఆర్‌డీ29ఏ ప్రమోటర్‌నే వాడింది. ఏ జన్యువు అన్నదాని కంటే అది ఎప్పుడు పనిచేస్తుందన్నదే పెద్ద ప్రశ్న అని నేను గట్టిగా నమ్ముతాను.

జన్యువు మేలుకుందో లేదో కొలవడం

ప్రయోగశాలలో ఇది చేసే విద్యార్థులకు ఈ భాగం. 14 రోజుల నారు కుండీలతో సహా కనీసం ఒక మీటరు లోతు తొట్టెలో ముంచండి, ఆకు కొస మీద కనీసం అరడుగు నీరు ఉండాలి. ఎఫ్ఆర్ 13ఏ ఒక పక్క, ఐఆర్ 42 ఒక పక్క పెట్టకపోతే వచ్చిన ఫలితానికి అర్థం చెప్పలేరు. మొదటిది ఆగేది, రెండోది చచ్చేది. రోజూ నీటి ఉష్ణోగ్రత, కరిగిన ఆక్సిజన్, మొక్క దగ్గర వెలుతురు రాసుకోండి. వేడి నీటిలో మొక్క త్వరగా ఆకలితో పోతుంది. నాచు పట్టిన తొట్టెలో పగలు ఆక్సిజన్ బోలెడు ఉంటుంది, అప్పుడు రెండు తొట్టెల్లో వేరువేరు ఫలితాలు వస్తాయి.

నమూనాలు 0, 1, 3, 6 రోజులకు, ఎప్పుడూ ఒకే గంటకు తీయండి. మొక్కలో చాలా జన్యువులు పొద్దును బట్టి ఎక్కి దిగుతాయి, ఉదయం ఒకటి సాయంత్రం ఒకటి తీస్తే కొలిచేది ముంపును కాదు, గడియారాన్ని. అంతకంటే పెద్ద పొరపాటు, మొక్కను నీటిలోంచి బయటికి తీసి, తుడిచి, తీరిగ్గా కోయడం. గాలి తగిలిన నిమిషాల్లోనే ఇథిలీన్ ఎగిరిపోతుంది, ఆక్సిజన్ చేరుతుంది, ఆర్ఎన్ఏ మారిపోవడం మొదలవుతుంది. నీటిలోనే కత్తిరించి, క్షణాల్లో ద్రవ నత్రజనిలో వేయాలి. పోల్చడానికి ముంచని మొక్కలనూ అదే గంటకు అలాగే కోయాలి.

ఆర్ఎన్ఏ తీయడానికి, గడ్డకట్టిన ఆకును నూరిన 100 మిల్లీగ్రాముల పొడికి 1 మిల్లీలీటరు ట్రైజాల్, 200 మైక్రోలీటర్ల క్లోరోఫాం, 4 డిగ్రీల వద్ద 12,000 జీ మీద 15 నిమిషాలు తిప్పడం. పై పొరను మాత్రమే తీసి 500 మైక్రోలీటర్ల ఐసోప్రొపనాల్, ఆ తర్వాత 75 శాతం ఇథనాల్‌తో కడగడం. ఎక్కువ రోజులు మునిగిన ఆకుల్లో ఆర్ఎన్ఏ తక్కువగా వస్తుంది, దాన్ని చూసి కంగారు పడి మధ్య పొరను కూడా లాగేయకండి. 260/280 నిష్పత్తి 2.0 దగ్గర ఉండాలి. డీఎన్ఏస్ తప్పక వేసి, రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేస్ వేయని ఒక గొట్టాన్ని కూడా నడపండి, అందులో గీత లేస్తే డీఎన్ఏ మిగిలిందన్నమాట. 1 మైక్రోగ్రాము ఆర్ఎన్ఏతో సీడీఎన్ఏ, అంటే దాని డీఎన్ఏ నకలు, తర్వాత ఆ నకలును రెట్టింపు చేస్తూ కొలిచే క్యూపీసీఆర్‌లో 95 డిగ్రీలకు 15 సెకన్లు, 60 డిగ్రీలకు ఒక నిమిషం చొప్పున 40 చక్రాలు.

సబ్1ఏ, బీ, సీ ముగ్గురూ అన్నదమ్ముల్లాంటివి. ప్రైమర్లు సబ్1ఏకు మాత్రమే అంటుకుంటాయని నిర్ధారించుకోవడానికి జపోనికా రకం నిప్పన్‌బరే డీఎన్ఏ మీద నడిపి చూడండి. దాంట్లో సబ్1ఏ లేదు కాబట్టి ఏమీ రాకూడదు. ఇక్కడే ఆర్ఎన్ఏ సీక్వెన్సింగ్ వాళ్లకు పెద్ద గుంట ఉంది. అందరూ వాడే వరి జన్యుపటం నిప్పన్‌బరేదే. స్వర్ణ సబ్1 ఆర్ఎన్ఏను దాని మీద పరిస్తే సబ్1ఏ ముక్కలు చోటు లేక పోతాయి, లేదా సబ్1సీ ఖాతాలో పడతాయి. ఆ పట్టిక చూసి సబ్1సీ పెరిగిందని రాసేస్తారు. సబ్1ఏ ఉన్న ఇండికా పటం వాడాలి, లేదా ఆ జన్యువును విడిగా చేర్చాలి.

పోలిక జన్యువు, అంటే ముంపులోనూ మారకుండా ఉండి కొలతకు ఆధారమయ్యే జన్యువు, దాని ఎంపిక కూడా ప్రాణమే. జీఏపీడీహెచ్ చాలామందికి అలవాటు. కానీ అది గ్లూకోజును విడగొట్టే దారిలోనే ఒక ఎంజైము, మునిగితే ఆ దారే మారిపోతుంది. ఒక లెక్క చూడండి. సీటీ అంటే గీత లేవడానికి పట్టిన చక్రాల సంఖ్య, అది ఎంత తక్కువైతే ఆర్ఎన్ఏ అంత ఎక్కువ. ముంచకముందు సబ్1ఏ సీటీ 31, పోలిక జన్యువు 19. ముంచాక 25, 19. తేడాలు 12, 6. అంటే రెండు 6 ఘాతం, 64 రెట్లు. పోలిక జన్యువే 19 నుంచి 18కి జారితే రెండో తేడా 7 అవుతుంది, ఫలితం 32 రెట్లే వస్తుంది. ఒక్క అంకె జారితే సగం పోయింది. అందుకే యూబీక్యూ5, ఈఎఫ్1ఆల్ఫా లాంటి రెండింటిని పెట్టి, ముంపులో అవి కదలడం లేదని ముందు చూసుకోవాలి. ముంచని మొక్కల్లో సీటీ 35 దాటితే ఎన్ని రెట్లు అని లెక్కేసి చెప్పకండి, "కనపడలేదు, కనపడింది" అంటే చాలు.

ఇంకో సంగతి. ఆర్ఎన్ఏ ఉంటే ప్రోటీన్ ఉన్నట్టు కాదు. ఆక్సిజన్ తక్కువైనప్పుడు మొక్క చాలా ఆర్ఎన్ఏలను పక్కన పెట్టి, ఏడీహెచ్ వంటి కొన్నిటినే ప్రోటీన్లుగా మారుస్తుంది. కాబట్టి ఏడీహెచ్ ఎంజైము పనిని విడిగా కొలవడం, కాడలో మిగిలిన పిండిని, చక్కెరను కొలవడం మంచిది.

చేలో

ఈ జన్యువు దాచిపెడుతుంది, సృష్టించదు. మునిగేనాటికి మొక్కలో పిండి నిల్వ లేకపోతే అది ఏం దాచాలి? అందుకే నారుమడి దగ్గరే పని మొదలవుతుంది. ఎకరాకు సరిపడా 5 సెంట్ల మడిలో 20–25 కిలోల విత్తనం కంటే ఒత్తుగా చల్లితే సన్నని నారు వస్తుంది, ముంపుకు అదే ముందు పోతుంది. నత్రజని ఎక్కువ వేస్తే ఆకు పచ్చగా, మెత్తగా పెరిగి చక్కెర తక్కువ ఉంటుంది. వాన సూచన ఉన్నప్పుడు యూరియా చల్లడం రెండు విధాల నష్టం. భాస్వరం, పొటాష్ మాత్రం దుక్కిలోనే సరిపడా పడాలి. నాటిన మొదటి రోజుల్లో, వేళ్లు పట్టకముందు మునిగితే సబ్1 ఉన్నా నష్టం ఎక్కువే.

నీరు తీశాక వచ్చే రెండు మూడు రోజులే అసలు పరీక్ష. రెండు వారాలు నీటిలో ఉన్న ఆకుకు మైనపు పొర, వేరుకు చూషణ శక్తి రెండూ తగ్గి ఉంటాయి. ఒక్కసారిగా ఎండ, గాలి తగిలితే నీటిలో బతికిన ఆకు ఒడ్డున వాడిపోతుంది. ఆక్సిజన్ తిరిగి రావడంతో కణాల్లో హానికరమైన ఆక్సిజన్ రూపాలు పుడతాయి. సబ్1ఏ ఈ దశలోనూ పనికొస్తుందని, అబ్సిసిక్ ఆమ్లానికి మొక్క చురుగ్గా స్పందించేలా చేసి ఎండిపోవడాన్ని తగ్గిస్తుందని 2011లో తేలింది. రైతు చేతిలో ఉన్నది, చేను పూర్తిగా ఆరగట్టకుండా రెండు మూడు సెంటీమీటర్ల పలుచని నీరు ఉంచడం. ఆకుల మీద బురద పట్టి ఉంటే తేట నీటితో కడగగలిగితే మేలు.

మర్నాడు వెళ్లి చేను చచ్చిందని దున్నేయకండి. పై ఆకులన్నీ కుళ్లి ఉండవచ్చు. నాలుగు చోట్ల చదరపు మీటరు గుర్తు పెట్టి, మొదలు నొక్కి చూడండి. గట్టిగా ఉండి, చీల్చితే లోపల తెలుపు, లేత ఆకుపచ్చ కనిపిస్తే ఆ దుబ్బు బతికినట్టే. మెత్తగా పిసికితే నీరు కారి కంపు కొడితే పోయినట్టు. అసలు లెక్క రెండు వారాలకు తేలుతుంది, పరిశోధన కేంద్రాల్లోనూ నీరు తీసిన 14–21 రోజులకే బతికిన మొక్కలను లెక్కపెడతారు. కొత్త ఆకు విచ్చుకునేదాకా, అంటే సుమారు ఐదు నుంచి ఏడు రోజులు యూరియా ఆపండి. అప్పటిదాకా వేరు తీసుకోలేదు, వేసినదంతా మురుగు కాలువ పాలు. తర్వాత ఎకరాకు 20 కిలోల యూరియా, 15 కిలోల పొటాష్ దరిదాపుల్లో వేస్తే పిలకలు మళ్లీ లేస్తాయి. ఈ ఆగిన రోజుల వల్ల పూత ఆలస్యమవుతుంది, కోత ఆ మేరకు వెనక్కి పోతుంది. దాళ్వా నాట్లకు ఆ లెక్క ముందే వేసుకోవాలి.

సబ్1 పనికిరాని చోట్లు కూడా స్పష్టంగా చెప్పుకోవాలి. విత్తనం నేరుగా వెదజల్లిన చేలో మొలక దశలో నీరు నిలిస్తే సబ్1ఏ ఆదుకోదు. ఆక్సిజన్ లేకుండా మొలకెత్తడానికి పిండిని కరిగించాలి, సబ్1ఏ దాన్ని దాచే పని చేస్తుంది. మొలకకు కావలసింది వేరే జన్యువు, ఓఎస్‌టీపీపీ7, దాని పని విత్తనంలోని పిండిని మొలకకు అందించడం. పొట్ట దశలో, ఈనే వేళ మునిగినా సబ్1 నిలబెట్టలేదు. నెలల తరబడి నడుము లోతు నీరు కదలక నిలిచే పల్లపు చేలకు కూడా ఇది సరిపడదు. అక్కడ మొక్క కొంత సాగి తల పైకెత్తాలి, సబ్1ఏ దాన్ని సాగనివ్వదు. అలాంటి పల్లంలో సహజంగానే కాడ పొడుగున్న రకం వేసుకోవాలి. రెండు వారాల లోపు వచ్చి పోయే నీటికి మాత్రం స్వర్ణ సబ్1, సాంబ మసూరి సబ్1 వంటివి సరిపోతాయి. మీ చేలో నీరు గత ఐదారేళ్లలో ఏ నెలలో, ఎంత లోతున, ఎన్ని రోజులు నిలిచిందో రాసిపెట్టుకుంటే విత్తనం ఎంపిక ఆ కాగితమే చెబుతుంది.